కట్టిన చీర

మొగ్గకీ విచ్చిన పువ్వుకీ తేడా తెలియడం లేదని మా అత్త అచ్చాయమ్మ ఒప్పుకున్న ఏడాదే పెళ్ళిజడలన్నీ నా చేతికొచ్చాయి. అంతకుముందు ఆవిడ కుడుతుంటే నేను సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చేదాన్ని. కంట్లో పొర ముదిరాక ఆవిడ తడిమి తడిమి మొగ్గలు అందించడం, నేను అరటిపట్ట మీద వరసలు కుట్టడం మొదలైంది. మాది కడియపులంక. గోదావరికి పెద్ద వరద వచ్చి వెళ్ళిన మరుసటి యేడు అది. వైశాఖంలో ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

జడ పురమాయించడానికి ఆలమూరు నుంచి అన్నపూర్ణమ్మగారు స్వయంగా వచ్చారు. బెల్లం వ్యాపారం చేసే వీరభద్రంగారి భార్య ఆవిడ. ఆవిడ పెళ్ళికి జడ కుట్టింది మా అత్తే. అలాంటి ఇళ్ళవాళ్ళు మామూలుగా గుమస్తాని పంపుతారు, లేదా జట్కాలో వస్తారు. ఈవిడ ఎర్రటి ఎండలో బస్సు దిగి నడిచొచ్చారు. మామిడిపండు రంగు చీర, దానికి వంగపండు రంగు అంచు. మా తడిక దాటి లోపలికి వస్తుంటే తీగ పట్టుకుని కొంగు దగ్గర బెత్తెడు చిరిగింది.

"అయ్యయ్యో, ఎంత మంచి చీరండీ!" అన్నాను.

"ఉన్నవాటిల్లో మంచిదే కట్టుకొచ్చాను. దానికి తగ్గట్టే అయింది" అని నవ్వారు. నవ్వుతూనే ఆ చిరుగుని వేళ్ళతో దగ్గరకి లాక్కుని చాలాసేపు అలాగే పట్టుకున్నారు.

ఆవిడ మా అత్తతో మాట్లాడుతుండగా నేను పక్కన కూర్చుని, కొంగు నా ఒళ్ళోకి తీసుకుని కుట్టేశాను. అంచుకి కలిసే రంగు దారం లేదు. కనకాంబరాల కోసం ఉంచిన ఎర్రదారమే వాడాను. దగ్గరగా చూస్తే తప్ప తెలిసేది కాదు.

"సంబంధం ఎక్కడమ్మా?" అని అడిగింది మా అత్త.

"పెద్దాపురం. వాళ్ళది బట్టల కొట్టు. మా సత్యలక్ష్మికి నిండుగా ఉండాలి అచ్చాయమ్మా, నా జడలాగే."

"వరదకి మీ గోడౌన్ మునిగిందన్నారు?"

"అడుగు వరస తడిసింది. అంతే" అన్నారు అన్నపూర్ణమ్మగారు.

మా ఆయన చిట్టియ్య మండపేట సంతకి బండి తోలేవాడు. వరద తీశాక వీరభద్రంగారి గోడౌన్ తలుపు తెరిస్తే గోడల మీద బెల్లం చారలు తప్ప ఇంకేమీ మిగల్లేదని, చీమలు కూడా తినలేని బురద అయిపోయిందని అతను మాకు ఎప్పుడో చెప్పాడు. నేనూ మా అత్తా ఏమీ ఎరగనట్టే ఊరుకున్నాం.

పెళ్ళికి ముందురోజు సాయంత్రమే తడిగుడ్డలో పూలు చుట్టుకుని ఆలమూరు వెళ్ళాను. ఒక్కదాన్నే వెళ్ళడం అదే మొదలు. పొద్దున్న ముహూర్తానికి సత్యలక్ష్మిని పీట మీద కూర్చోబెట్టి జడ కట్టాను. పల్చటి పిల్ల. జడ బరువుకి మెడ వెనక్కి వాలకుండా నిటారుగా కూర్చుంది. "బరువుగా ఉందామ్మా?" అంటే, "లేదక్కా, బావుంది. అమ్మకి చూపించు ముందు" అంది. అన్నపూర్ణమ్మగారు వచ్చి కూతురి వీపు మీద జడని చూసి, నా భుజం మీద చెయ్యి వేశారు. పెళ్ళి ఘనంగా జరిగింది. వరద సంగతి తెలిసినవాళ్ళు కూడా, వీరభద్రంగారు నిలదొక్కుకున్నారనే అనుకుంటూ భోజనాలు చేశారు.

మా వైపు పెళ్ళిలో పని చేసినవాళ్ళని ఉత్త చేతులతో పంపరు. మాట్లాడుకున్న కూలి వేరు, ఈ మర్యాద వేరు. ఎండ కాస్త దిగాక, అప్పగింతలకి ముందు ఆ పని పెట్టుకున్నారు. చావడిలో జంపఖానా మీద మగపెళ్ళివారి ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. వీరభద్రంగారు సన్నాయి ముసలయ్యకి పంచెల చాపు కప్పారు. డోలు అతనికి, వంటవాళ్ళకి తలా ఒక తువ్వాలు. పెళ్ళికుండలు తెచ్చిన కుమ్మరామెకి అన్నపూర్ణమ్మగారు బొట్టు పెట్టి నేతచీర ఇచ్చారు. ఇచ్చేవాళ్ళు రెండు చేతులా పళ్ళెం పడితే, తీసుకునేవాళ్ళు కళ్ళకద్దుకుని పక్కకి జరుగుతున్నారు. పెద్దాపురం వాళ్ళు ఒక్కో బట్టనీ చూపుతోనే వెల కట్టినట్టు చూస్తున్నారు. కొట్టు వాళ్ళు కదా మరి.

ఆఖర్న నన్ను పిలిచారు. పళ్ళెంలో ఆకులు, వక్క, అరటిపళ్ళు, రవికెలగుడ్డ, దాని కింద చీర. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, కొత్తదానికి చుట్టినట్టే కాయితం పట్టీ చుట్టి ఉంది. మామిడిపండు రంగు. వంగపండు అంచు మడత లోంచి నా ఎర్రదారం కనబడుతోంది.

ఉన్నవాటిల్లో మంచిది అని ఆవిడే అన్నారు. దాన్ని నాకిచ్చేస్తే రేపు కూతురి అత్తారింటికి ఏం కట్టుకుని వెళ్తారు? నాకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఇంకోటి కూడా ఉంది, అది దాచకూడదు. ఆ నిమిషాన నా మంచితనం నాకే ముద్దొచ్చింది.

"అమ్మగారూ, ఇది మీరు కట్టుకునే చీర కదండీ. మీరే ఉంచుకోండి. పసుపుకుంకం చాలు నాకు" అన్నాను.

గొంతు తగ్గించే అన్నాను. కానీ మేళం వాళ్ళు అప్పటికే సన్నాయి గుడ్డలో చుట్టేస్తున్నారు. చావడిలో చప్పుడు లేదు.

"ఏంటి, కట్టిన చీరా?" అంది పెళ్ళికొడుకు అక్క కన్యక. లేచి వచ్చి పళ్ళెంలోంచి చీర తీసుకుంది. బొటనవేలితో అంచు రుద్ది చూసింది. కాయితం పట్టీ జార్చి ఒక మడత విప్పింది. "ఔనమ్మా, కట్టిందే. ఇదిగో, కుట్టు కూడా ఉంది" అని వాళ్ళమ్మకి చూపించింది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. కొట్లో సరుకు దింపుకునేటప్పుడు మచ్చ కనబడితే ఎలా చెబుతారో అలా చెప్పింది.

"బీరువాలో రెండూ పక్కపక్కన పెట్టాను. తొందరలో ఇది చేతికొచ్చినట్టుంది" అన్నారు అన్నపూర్ణమ్మగారు.

అందరం ఆవిడ లోపలికెళ్ళి ఆ రెండో చీర తెస్తారని చూస్తున్నాం. ఆవిడ కదల్లేదు.

కూతురు తలెత్తి తల్లిని చూసింది. మళ్ళీ దించేసుకుంది. మగవాళ్ళ వైపు నుంచి వీరభద్రంగారు, "అప్పగింతలకి వేళవుతోందండీ, రండి, రండి" అని అవసరమైనదాని కంటే గట్టిగా కేకేశారు. అందరూ లేచారు. అన్నపూర్ణమ్మగారు రవికెలగుడ్డ, తాంబూలం నా చేతిలో పెట్టి, "నీ చీర నీకు పంపిస్తాలే రత్నం" అన్నారు. నా ముఖం చూడలేదు.

ఇంటికొచ్చాక మా అత్తకి జరిగింది జరిగినట్టు చెప్పాను. మెచ్చుకుంటుందనే అనుకున్నాను. ఆవిడ చేతిలో దారపుండ పక్కన పెట్టింది.

"అక్కడ ఇంకెవరున్నారే?"

"మగపెళ్ళివారి ఆడవాళ్ళున్నారు అత్తా. పెళ్ళికొడుకు అక్క చీర తీసి చూసింది కూడా."

"నువ్వు నోరు మూసుకుని తీసుకుని, వారం పోయాక ఎవరూ లేనప్పుడు పట్టుకెళ్ళి ఇచ్చేస్తే ఏం పోయేది?"

నాకు ఆ సంగతి తట్టనే లేదు. "జాలేసింది అత్తా" అన్నాను.

"జాలిపడమని నిన్ను ఆవిడ అడిగిందా?" అంది. ఆ పూట నేను వడ్డించిన అన్నం మాత్రం తింది.

పది రోజులు తిరక్కుండానే చిట్టియ్య మండపేట నుంచి వచ్చి, కంచం ముందు కూర్చుని చెప్పాడు. "వీరభద్రంగారి కొట్టు దగ్గర జనం గుమిగూడారే ఇవాళ."

"ఎందుకు?"

"బెల్లం అరువిచ్చిన రైతులు, షావుకార్లూ వరద పోయాక కూడా ఆగారు కదా. పెళ్ళి అంత ఘనంగా చేస్తున్నాడంటే మనిషి నిలబడ్డాడు, మన సొమ్ము ఎక్కడికీ పోదు అనుకున్నారు. ఇప్పుడేమో పూలామెకి పెట్టడానికి కూడా ఇంట్లో చీర లేదని పెద్దాపురం నుంచి కబురొచ్చింది. పైకి అలా కనబడ్డాడు గానీ లోపల ఏం లేదంట అని ఒకడు వెళ్ళాడు. వాడు వెళ్ళాడని ఇంకొకడు." ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆగాడు. "ఆ పూలామె నువ్వేగా?"

తల ఊపాను. అతను కంచంలో ఉన్నదంతా తినేసి చెయ్యి కడుక్కుని ఎడ్లకి కుడితి పెట్టడానికి వెళ్ళాడు. తిట్టి ఉంటే బావుండేది.

ఆ వారంలోనే రామచంద్రపురంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళికూతురి వెనక కూర్చుని జడ బిగిస్తున్నాను. పక్కన నలుగురైదుగురు ఆడవాళ్ళు వక్కలు కత్తిరిస్తూ మాట్లాడుకుంటున్నారు.

"ఆలమూరులో సంగతి విన్నారా? పూలమ్మాయికి పాత చీర పెడితే వాళ్ళ మొహానే విసిరికొట్టిందంట!"

"మంచి పని చేసింది. పెట్టలేకపోతే మానెయ్యాలి గానీ, కట్టి విడిచినవి పెడతారా?"

"అదేనా? చెమట వాసన కూడా వచ్చిందంట."

అందరూ నవ్వారు. పెళ్ళికూతురు కూడా నవ్వితే నా చేతిలో ఆమె తల కదిలింది. ఆ చీరకి గంజి వాసన తప్ప ఇంకే వాసనా లేదని నాకు తెలుసు. ఒక్క మాట అనొచ్చు. అంటే, అది నేనేనని తెలుస్తుంది, ఇంటి గుట్టు బయట పెట్టే మనిషని నాకు మళ్ళీ జడ ఎవరిస్తారు అని భయం వేసింది. వరస తప్పు కుట్టాను, విప్పి మళ్ళీ కుట్టాను. వచ్చేటప్పుడు వాళ్ళు పెట్టిన చీర బరువుగా, కొత్త వాసన వేస్తూ ఉంది. దాన్ని ఇంట్లో ఎవరికీ చూపించకుండా పెట్టె అడుక్కి తోసేశాను.

జ్యేష్ఠం వచ్చింది. నిద్రలో కూడా కన్యక వేళ్ళు ఆ మడత విప్పడమే కనబడేది. ఒకరోజు పొద్దున్నే, "అత్తా, ఆలమూరు వెళ్ళొస్తాను" అన్నాను. "వెళ్ళు" అంది ఆవిడ. ఎందుకని అడగలేదు.

వీరభద్రంగారు అరుగు మీద తాళ్ళతో ట్రంకుపెట్టెలు కడుతున్నారు. కొట్టు ఎవరికో అప్పజెప్పేశారు. యానాంలో చుట్టాల దుకాణంలో పద్దులు రాయడానికి వెళ్తున్నారని దారిలోనే విన్నాను. నన్ను చూసి లేచి నిలబడ్డారు. "రామ్మా, ఎండన పడి వచ్చావు" అని, లోపలికి తిరిగి, "ఏమేవ్, పూలమ్మాయి వచ్చింది, మజ్జిగ ఇవ్వు" అన్నారు. ఆ మర్యాదకి నాకు అక్కడే కూలబడిపోవాలనిపించింది.

అన్నపూర్ణమ్మగారు వంటింట్లో సామాను గోనెసంచుల్లో సర్దుతున్నారు. మజ్జిగ గ్లాసు ఇస్తే తలెత్తకుండానే అందుకున్నాను. ఆవిడ మళ్ళీ తన పనిలో పడ్డారు. నేను అనుకుని వచ్చిన మాటలు వరస తప్పిపోయాయి.

"అమ్మగారూ, ఆ చీర నాకిచ్చేయండి. కట్టుకుని ప్రతి పెళ్ళికీ వెళ్తాను. మీరు ప్రేమగా పెట్టారని, నేనే తెలివితక్కువగా వాగానని అందరికీ చెప్తాను."

ఆవిడ నా వైపు తిరిగారు. అప్పుడు చూశాను. ఆవిడ కట్టుకున్నది ఆ చీరే.

"ఇది నాకే కావాలి రత్నం ఇప్పుడు" అన్నారు.

నేను కిందకి చూశాను. గచ్చు మీద, ఎప్పటినుంచో ఉన్న గంగాళం తీసేసిన చోట గుండ్రంగా తెల్లటి మచ్చ ఉంది.

"నువ్వు చెడ్డబుద్ధితో అనలేదు. నాకు తెలుసు. ఆ వేళే తెలుసు" అన్నారావిడ. ఇంకో సంచి దగ్గరకి లాక్కుని, "తెలిసినా, నిన్ను చూస్తే కోపమొస్తోంది. ఏం చెయ్యను?" అన్నారు.

"రావాలండి" అన్నాను.

"ఎలాగూ ఒకనాటికి తెలిసేదేనని ఆయనంటారు. కావచ్చు. ఒక్క యేడు ఆగి తెలిసి ఉంటే కొత్త పంట బెల్లం దిగేది. కొంత సర్దుకునేవాళ్ళం."

"సత్యలక్ష్మమ్మ ఎలా ఉందండీ?"

"అల్లుడు మంచివాడు. అదొక్కటే అదృష్టం." సంచి మూతి బిగించి ముడేశారు. "కొట్లో రంగు వెలిసిన చీరలు మిగిలిపోతే, మీ అమ్మకి పంపుదామా అని అడుగుతారంట. నవ్వుతూనే అడుగుతారంట. పిల్ల కూడా నవ్వుతోందంట. అలా నవ్వేయడం నేర్చుకున్నానమ్మా అని చెప్పింది మొన్న వచ్చినప్పుడు."

నేను ఏడుస్తుంటే ఆవిడ ఓదార్చలేదు. లోపలికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి చేతిలో పళ్ళెం ఉంది. ముదురాకుపచ్చ చీర, జరీ అంచు, దాని మీద ఆకులు, వక్క. అరటిపళ్ళు లేనందుకు కాబోలు ఒక మామిడిపండు పెట్టారు.

"వియ్యపురాలు నాకు పెట్టింది. మడత విప్పలేదు. కొత్తదే, చూసుకో" అన్నారు.

వద్దండీ అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఒకసారి ఆ మాట అన్నందుకే ఇంతదాకా వచ్చింది. మెడ వంచాను. ఆవిడ బొట్టు పెట్టారు. రెండు చేతులా పళ్ళెం అందుకుని, విప్పకుండా కళ్ళకద్దుకున్నాను. తలెత్తితే ఆవిడ ముఖం కొంచెం తేరుకున్నట్టు కనబడింది. ఇంట్లో మిగిలిన ఒక్క కొత్త గుడ్డా నాకిచ్చేసి ఆ మనిషి తేలికపడ్డారు. నేను గుమ్మం దాటుతుంటే, "జాగ్రత్తగా వెళ్ళు, బస్సులు రద్దీగా ఉంటున్నాయి" అన్నారు.

ఇంట్లో మా అత్త చీరని ఒళ్ళో పెట్టుకుని జరీ వెంట వేళ్ళు పోనిచ్చింది.

"కొత్తదే."

"ఔను అత్తా."

"దాచకు. కట్టుకో" అంది.

ఆషాఢానికి ముందు ఆఖరి ముహూర్తం మండపేటలో. ఆకుపచ్చ చీర కట్టుకుని వెళ్ళాను. అప్పటికే ఆలమూరు ఇంటికి తాళం పడింది. పెళ్ళికూతురి జడ సగం అయ్యాక ఆమె పిన్ని నా కొంగు పట్టుకుని చూసింది.

"చీర ఖరీదైందే. ఎక్కడ కొన్నావు?"

"కొనలేదండి. ఆలమూరు వీరభద్రంగారింట్లో పెళ్ళికి పెట్టారు."

"వాళ్ళా? పూలమ్మాయికి కట్టిన చీర పెట్టారన్నారే?"

"ఆ పూలమ్మాయిని నేనేనండి."

పెళ్ళికూతురు వెనక్కి తిరగబోయింది. నేను జడ వదల్లేదు.

"వాళ్ళు నాకు పెట్టింది ఇదేనండి. ఆ వేళ చీకటి చావిట్లో చూసి నేనే పొరబడ్డాను. తెలుసుకోకుండా నోరు జారాను" అన్నాను. ఒక్కో అబద్ధమూ ముందే కూడబలుక్కుని తెచ్చుకున్నదే.

పిన్ని జరీ అంచు వేళ్ళ మధ్య రుద్దింది. "కొత్తదే, అసలు ఉతుకే పడలేదు" అని మిగతావాళ్ళకి చెప్పింది. వాళ్ళలో పెద్దావిడ ఒకరు వక్కలు కత్తిరించడం ఆపి నన్నే చూస్తూ అడిగారు. "అయితే నీ పొరపాటుకి ఒక కొట్టు మూతపడిందా తల్లీ?"

"ఔనండి" అన్నాను.

నేను అక్కడ చెప్పినవాటిలో అదొక్కటే నిజం. ఆ తర్వాత నాతో ఎవరూ మాట్లాడలేదు. నా మాట మండపేట దాటి పెద్దాపురం వెళ్ళిందో లేదో, వెళ్తే అక్కడ ఆ పిల్లకి ఏమైనా తెరిపి ఇచ్చిందో లేదో నాకు తెలీదు. జడ పూర్తిచేసి, మరువం వాడిపోకుండా నీళ్ళు చిలకరించి, సూదులు సంచిలో పెట్టుకున్నాను. పెళ్ళికూతురి తల్లి పళ్ళెం పట్టుకుని వచ్చి, "ఏమ్మా, మాది కూడా సరిగ్గా చూసుకో. మళ్ళీ తర్వాత పేరు రాకూడదు" అంది.

అందరూ చూస్తున్నారు. నేను చూడకుండా తీసుకున్నాను.